గెలిస్తే శాస్త్రం, ఓడితే లీల

గత సంచికలో "దేవుడికి వైద్యశాస్త్రం పలికిన సాక్ష్యం" అన్న వ్యాసం వచ్చింది. రాసిన పెద్దాయన మాకు ఆప్తులు. ఈ దేశం వచ్చిన కొత్తలో వారింట్లో మేము తిన్న పండుగ భోజనాలకు లెక్కలేదు. ఆ చనువుతోనే, పేరెత్తకుండా ఈ జవాబు రాస్తున్నాము. వ్యాసం చివర వారొక సవాలు విసిరారు: మన సంఘంలో ఇంతమంది డాక్టర్లున్నారు కదా, ఈ సాక్ష్యం చెల్లదనగలవారు ఒక్కరైనా ఉన్నారా అని. మూడు నెలలైంది. డాక్టర్లెవరూ పలకలేదు. ఎందుకు పలకలేదో అందరికీ తెలుసు. పెద్దవారితో వాదమెందుకు, పదిమందిలో నాస్తికుడనిపించుకోవడమెందుకు, రేపు సంక్రాంతి కార్యక్రమంలో మొహాలు చూసుకోవద్దా? మర్యాదకు ఇది బాగానే ఉంది. కాని సాక్ష్యం విషయంలో మౌనం అంగీకారం కింద జమపడుతుంది. పైగా పిలిచింది మమ్మల్నే, మా చదువు పేరు పెట్టే. కనుక పలుకుతున్నాము.

ముందుగా మా పక్షమేమిటో దాచకుండా చెబుతాము. మేము దేవుణ్ణి నమ్మము. దేవుడు లేడని నిరూపించేశామని మాత్రం అనడం లేదు. ఉన్నాడనడానికి ఇంతవరకు తెచ్చిన సాక్ష్యాలేవీ నిలబడలేదు, నిలబడే సాక్ష్యం వచ్చేదాకా నమ్మవలసిన పని లేదు అంటున్నాము. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. ఆ తేడా ఎరగనట్టు "అయితే లేడని మీరే ఋజువు చెయ్యండి" అని ఎదురు తిరగడం మనవాళ్ల వాదాల్లో మామూలైపోయింది. మందుల కంపెనీ ప్రతినిధి ఒక కొత్త మాత్ర తెచ్చి, "ఇది పనిచెయ్యదని మీరు ఋజువు చెయ్యండి, అంతవరకు మీ పేషెంట్లందరికీ రాయండి" అంటే మనలో ఏ డాక్టరైనా ఒప్పుకుంటాడా? ఎంతమంది మీద చూశారు, దేనితో పోల్చారు, ఎవరికి ఏది ఇచ్చారో ముందే తెలిసిపోయిందా అని అడగమూ? ఉన్నదన్నవాడిదే ఋజువు భారం. వారమంతా ఆసుపత్రిలో ఈ నియమం పాటించి, శనివారం సాయంత్రం సంఘం హాలు మెట్లెక్కగానే చెప్పులతో పాటు బయట వదిలేస్తే ఎట్లా?

ఇట్లా అడగడం తెల్లవాడి దగ్గర నేర్చుకున్న బుద్ధి అని కొందరంటారు. పాపం, వారు మన శాస్త్రాలను పూజామందిరంలో పెట్టారే గాని తెరిచి చూసినట్టు లేదు. తెలుసుకోవడానికి ప్రమాణమేది అన్నది మన తార్కికులు వందల ఏళ్లు తలలు పగలగొట్టుకున్న ప్రశ్న. చార్వాకులు ప్రత్యక్షం తప్ప మరోటి ఒప్పుకోలేదు. వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులే సృష్టికర్త అక్కర్లేదన్నారు. కుమారిలభట్టు ఆ పక్షాన గట్టిగా వాదించాడు. ఈశ్వరుణ్ణి అనుమాన ప్రమాణంతో సాధించడానికి ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి అని ఒక పూర్తి గ్రంథమే రాయవలసి వచ్చింది. ఎదుట బలమైన ప్రతివాది లేకపోతే అంత శ్రమ ఎవరు పడతారు? ఉదయనుడు మా దృష్టిలో నెగ్గలేదు. అయినా ఆయనంటే మాకు గౌరవం. ఆయన వాదానికి కూర్చున్నాడు. అడిగినవాణ్ణి కళ్లు పోతాయని బెదిరించలేదు.

ఇక గత సంచిక వ్యాసానికి వద్దాం. అందులో ముఖ్యమైన సాక్ష్యం ప్రార్థన. అమెరికా ఆసుపత్రుల్లోనే పరీక్ష చేసి, ప్రార్థన వల్ల రోగులు కోలుకుంటారని తేల్చారని వ్యాసకర్త రాశారు. పరీక్షలు జరిగిన మాట నిజమే. అయితే వారు ఎక్కడ ఆపారో చూడండి.

1988లో సదరన్ మెడికల్ జర్నల్‌లో బర్డ్ అనే డాక్టరు ఒక పరిశీలన ప్రకటించాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పెద్దాసుపత్రి గుండెజబ్బు వార్డులో 393 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టు కోసం బయట క్రైస్తవ భక్తులచేత ప్రార్థన చేయించాడు. ఇరవైకి పైగా అంశాలు లెక్కిస్తే ఆరింటిలో ప్రార్థన జట్టు మెరుగ్గా కనిపించింది. చనిపోయినవారి లెక్కలో తేడా లేదు. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనూ తేడా లేదు. చెరువులో ఇరవై వలలు వేసి, చేపలు పడ్డ వలలను మాత్రం గట్టుమీద ఆరబెడితే చూసేవాడికి జాలరి గొప్పవాడే అనిపిస్తుంది. 1999లో కాన్సస్ సిటీలో 990 మందితో మళ్లీ చేశారు. తాము కొత్తగా తయారు చేసుకున్న మార్కుల పద్ధతిలో కొద్ది తేడా కనిపించింది; బర్డ్ వాడిన పాత పద్ధతిలో మార్కులు వేస్తే ఆ తేడా నిలవలేదు. వ్యాసకర్త ఈ రెండూ చెప్పి, "ఇంకేం కావాలి?" అని ముగించారు.

ఇంకా కావలసింది ఉంది. 2006లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో బెన్సన్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశీలన వాటన్నిటికంటె పెద్దది. దానికి ప్రధానంగా డబ్బిచ్చింది టెంపుల్టన్ ఫౌండేషన్. అది నాస్తికుల సంస్థ కాదు సరికదా, మతానికీ విజ్ఞానానికీ పొత్తు కుదరాలని కోరే సంస్థ. ఆరు ఆసుపత్రుల్లో బైపాసు ఆపరేషను చేయించుకున్న 1802 మందిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు ప్రార్థన జరిగింది, రెండోదానికి జరగలేదు. ఈ రెండు జట్లవారికీ మీకోసం ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు అని మాత్రమే చెప్పారు. మూడో జట్టుకు ప్రార్థన జరిగింది, జరుగుతుందని వారికి ముందే చెప్పారు కూడా. ఆపరేషనుకు ముందురాత్రి మొదలుపెట్టి పద్నాలుగు రోజులు క్రైస్తవ ప్రార్థన బృందాలు రోగి పేరు చెప్పి ప్రార్థించాయి. నెలరోజుల్లో ఏదో ఒక చిక్కు వచ్చినవారు మొదటి జట్టులో నూటికి 52 మంది, రెండో జట్టులో 51 మంది. అంటే తేడా లేదు. మీకోసం ప్రార్థిస్తున్నామని చెప్పిన మూడో జట్టులోనో, 59 మంది!

మందు విషయంలో ఇట్లాంటి లెక్క వస్తే మనం ఏం చేస్తాం? ఆ మందు మానేస్తాం. మరి ఇక్కడ ఏం జరిగింది? అప్పటిదాకా "శాస్త్రం నిరూపించింది" అన్నవారే మర్నాడు "భగవంతుణ్ణి పరీక్ష పెట్టడానికి మనమెవరం, ఆయన లీలలు లెక్కకు అందుతాయా" అన్నారు. అయ్యా, 1988లో అందిన లీల 2006లో ఎందుకు అందకుండా పోయింది? ఏ ఎండకా గొడుగు పట్టడం సాక్ష్యం చెప్పడం అవుతుందా? కోర్టుకు వెళ్లినవాడు గెలిస్తే తీర్పు గొప్పదనీ, ఓడితే ఈ కోర్టుకు మా దావా వినే అధికారమే లేదనీ అంటే జడ్జీ నవ్వుతాడు. మనం మాత్రం ఇటువంటి దావా వేసినవారికి వేదిక మీద శాలువా కప్పుతాం.

ఇంకొక ముచ్చట చెప్పకుండా ఉండలేము. 2001 క్రిస్మస్ సంచికలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లీబోవిచి అనే ఇజ్రాయెల్ డాక్టరు పరిశీలన వేసింది. 1990 నుంచి 1996 వరకు రక్తంలో క్రిములు చేరి ఆసుపత్రి పాలైన 3393 మంది పాత రికార్డులు తీసి, రెండు జట్లు చేసి, ఒక జట్టు కోసం 2000 సంవత్సరంలో ప్రార్థన చేయించాడు. అంటే వాళ్లు బ్రతికో చచ్చో కొన్నేళ్లయిన తర్వాత! లెక్క చూస్తే ప్రార్థన జట్టువారికి జ్వరం త్వరగా తగ్గింది, ఆసుపత్రిలో ఉన్న రోజులూ తక్కువే. ముందుగా కొందరు మురిసిపోయారు. ఇట్లాంటి వాటికి మన పరీక్షా పద్ధతులు పెడితే ఎంత వింత ఫలితమైనా రావచ్చునని చూపడానికే ఆ పని చేశానని ఆయన తరవాత స్పష్టంగా రాశాడు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగితే కాకతాళీయమని పేరు పెట్టిన జాతి మనది. ఆ మాట నిఘంటువులో ఉంది గాని వాడకంలో లేదు.

వ్యాసంలో రెండో సాక్ష్యం మానవదేహ నిర్మాణం. ఇంత చక్కని యంత్రాన్ని చేసినవాడు లేకుండా ఎట్లా వచ్చిందని ప్రశ్న. శవపరీక్ష బల్ల దగ్గర ఏడాది నిలబడ్డ మాబోటివారికి ఆ చక్కదనంతో పాటు అతుకుల బొంతా కనిపించింది. ఎడమవైపు స్వరపేటికకు వెళ్లవలసిన నరం మెడలోనే తిన్నగా వెళ్లక, ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద నుంచి చుట్టి, మళ్లీ పైకి వస్తుంది. జిరాఫీలో ఈ చుట్టుదారి కొన్ని గజాలు. చేపల వంటి పూర్వజీవుల్లో పొట్టిదారిగా ఉన్నది మెడ సాగేకొద్దీ ఇట్లా అయిందని పరిణామవాదం చెబుతుంది. ఆ మాట పిండం పెరిగే క్రమంతో సరిపోతుంది. అన్నం దారి, గాలి దారి గొంతులో ఒకదాన్నొకటి దాటడం వల్ల ముద్ద అడ్డుపడి చచ్చినవారిని మేము చూశాము. ఇది ఇంజనీరు పని అయితే, మన సంఘంలో ఉన్న ఇంజనీర్లలో ఎవరూ దాని కింద సంతకం పెట్టరు.

వినాయకుడు పాలు తాగిన సంగతి కూడా వ్యాసంలో ఒక్క వాక్యంలో దూర్చారు గనుక ఒక్క మాట. 1995 సెప్టెంబరు 21న ఢిల్లీలో మొదలై ఒక్క రోజులో లండను, అమెరికా గుళ్లదాకా పాకింది. ఢిల్లీ శాస్త్రజ్ఞులు పాలకు రంగు కలిపి పట్టి చూపించారు: చెంచాలోని పాలు రాతికి అంటుకుని, పలచని పొరగా విగ్రహం ముందువైపు నుంచి కిందికి కారిపోతున్నాయి. 

మూడో సాక్ష్యం అందరి నోటా వినేది: "డాక్టర్లు చేతులెత్తేశారు, మొక్కుకున్నాం, లేచి కూర్చున్నాడు." లేచి కూర్చున్నాడు, సంతోషం. మా చేతులు ఎత్తేయడమే తొందరపాటు కావచ్చు. జబ్బు ఎటు తిరుగుతుందన్న మా అంచనాలు తప్పడం కొత్తేమీ కాదు. అసలు చిక్కు ఇంకొకటి. గ్రీసు దేశంలో డయాగొరస్ అని ఒక నాస్తికుడుండేవాడట. తుఫానులో మొక్కుకుని బతికి బయటపడ్డవారు గుళ్లో కట్టిన బొమ్మలు చూపి, "ఇప్పుడైనా నమ్ముతావా?" అన్నారట. "మొక్కుకుని మునిగిపోయినవారి బొమ్మలెక్కడ?" అని అతను అడిగాడట. మన కొండమీదా అంతే. మొక్కు ఫలించినవాడు గుండు చేయించుకుని వచ్చి పదిమందికి చెబుతాడు. ఫలించనివాడి ఇంట్లోవారు తమ బాధ తాము పడుతుంటారు. వారిని పిలిచి వ్యాసం రాయమన్నవారు లేరు. ఒకవేళ వారు నోరు విప్పినా, "నమ్మకం చాలలేదేమో" అంటాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఆ మాట అనడం ఎంత క్రూరమో అనేవారికి తెలియదు. మేము ఆసుపత్రి వరండాల్లో విన్నాము.

"ఎవరి నమ్మకం వారిది, మధ్యలో మీకేం నష్టం?" అని అడిగేవారికి ఇక్కడే జవాబు. నష్టం మాకు కాదు, రోగికి. 1998లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. 1975 నుంచి 1995 వరకు ఈ అమెరికాలోనే, మతవిశ్వాసం కొద్దీ వైద్యం మానేసిన ఇళ్లలో చనిపోయిన 172 మంది పిల్లల వివరాలవి. వారిలో 140 మందికి వచ్చినవి, వైద్యం చేస్తే నూటికి తొంభైమందికి పైగా బతికే జబ్బులే. ఆ తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. ప్రార్థనే వైద్యమని వారికి చెప్పినవారిని నమ్మారు. అది క్రైస్తవుల సంగతి, మనవాళ్లు అట్లా చెయ్యరు అంటారా? రొమ్ములో గడ్డ కనిపించిన ఒక తెలుగు ఇల్లాలు, ముందు మండలం రోజుల దీక్ష పూర్తి చేసి అప్పుడు డాక్టరుకు చూపిస్తానని ఆగింది. ఆమెకు ఆ సలహా ఇచ్చింది పల్లెటూరి భూతవైద్యుడు కాదు. చదువుకున్న బంధువు, ప్రార్థన మహిమను అమెరికా శాస్త్రజ్ఞులే ఒప్పుకున్నారని ఎక్కడో చదివిన పెద్దమనిషి. ఆ ఆలస్యం ఆమెకు ఎంత చేటు చేసిందో కొలిచి చెప్పలేము. క్యాన్సరు మాత్రం దీక్షా దినాలు లెక్కపెట్టుకుంటూ ఆగదని చెప్పగలము. మన పత్రికలో అచ్చయ్యే మాట ఇట్లా వంటింటిదాకా వెళుతుంది. అందుకే ఇది ఉబుసుపోక వాదం కాదు.

దేవుడు లేకపోతే నీతి ఏమవుతుందని కూడా వ్యాసకర్త బెంగపడ్డారు. ఈ బెంగకు మన తెలుగుదేశంలోనే జవాబుంది. గోరా అని మనమెరిగిన గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం చెప్పుకునే ఉపాధ్యాయుడు. నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చాడు. అంటరానితనం మీద పోరాడుతూ, తన పెద్దకూతురికి హరిజన యువకుడితో పెళ్లి నిశ్చయించాడు. ఆ పెళ్లి సేవాగ్రామ్‌లో జరగాలని గాంధీగారే కోరారు. ఆయన హత్య జరిగిన తరవాత, 1948లోనే, అక్కడే జరిగింది. రామనామం జపించే గాంధీగారు ఈ నాస్తికుడితో గంటలకొద్దీ వాదించారు, ఆశ్రమంలో చోటిచ్చారు. నీతికి దేవుడు హామీ ఉండాలని ఆయన షరతు పెట్టలేదు. గాంధీగారి కంటె పెద్ద భక్తులం మనం అయితే తప్ప, ఆ షరతు మనమూ పెట్టకూడదు.

మా పక్షం వారికీ ఒక మాట చెప్పాలి. బెన్సన్ లెక్కలు చూపి "దేవుడు లేడని తేలిపోయింది" అని చంకలు గుద్దుకునేవారున్నారు. అదీ తప్పే. తేలింది ఒక్కటే: ఇతరులు చేసే ప్రార్థనకు బైపాసు రోగుల మీద ఫలితం కనిపించలేదు. అంతకు మించి లాగడం తా పట్టిన కుందేటికి మూడేకాళ్లన్నట్టే. పొద్దున్నే దీపం పెట్టి కాసేపు కళ్లు మూసుకునే అమ్మను నిలదీసి ఋజువులడిగేవాడు హేతువాది కాడు, మర్యాద తెలియనివాడు. ఆమె మనకు సాక్ష్యమేమీ చూపడం లేదు, మన చేత ఏమీ ఒప్పించడం లేదు. దీపం పెట్టుకుంటోంది, అంతే. "నాకు ఋజువు అక్కర్లేదు, నాకు నమ్మకం ఉంది" అన్నవారితో మాకు తగాదా లేదు. తగాదా ఋజువు ఉందన్నవారితో. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల? దేవుణ్ణి ప్రయోగశాలకు మేము ఈడ్చుకు రాలేదు, భక్తులే తెచ్చారు. తెచ్చినవారు అక్కడి నియమాలకు కట్టుబడాలి.

కట్టుబడితే భక్తికి ప్రమాదమేమీ లేదనడానికి మన ఊళ్ల ఉదాహరణే ఉంది. మశూచిని మన తాతల కాలంలో జబ్బు అనలేదు, "అమ్మవారు" అన్నారు. పోలేరమ్మకు కోపం వచ్చిందన్నారు. వేపమండలు కట్టారు, జాతర మొక్కారు, టీకాలవాణ్ణి చూసి పిల్లల్ని దాచారు. టీకాలవాళ్లు అమ్మవారుందా లేదా అని ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు. మశూచి బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎక్కడ జ్వరం, ఎక్కడ పొక్కులు అని అడిగి, దొరికినచోట చుట్టూ ఉన్నవారందరికీ రెండు మొనల సూదితో టీకా వేశారు. 1975లో మన దేశంలో ఆఖరి కేసులు కనిపించాయి. 1977లో సోమాలియాలో ప్రపంచం మొత్తానికి సహజంగా సోకిన చివరి కేసు. 1980లో మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ తరవాత పోలేరమ్మ ఏమైంది? వెంకటగిరిలో జాతర ఏటా జరుగుతూనే ఉంది, తిరుపతిలో గంగమ్మ జాతరా జరుగుతూనే ఉంది. సాక్ష్యంగా నిలబెట్టిన మశూచి పోయింది గాని, పండగ పోలేదు. పోయినవల్లా గుంటలు పడ్డ మొహాలు, పోయిన కళ్లు, చచ్చిన పిల్లలు.

కనుక డాక్టరు మిత్రులకు మా మనవి. గుడికి వెళ్లండి, వెళ్లకండి, అది మీ ఇష్టం. తెల్లకోటు వేసుకుని మాత్రం "శాస్త్రం నిరూపించింది" అనకండి. అంటే ఏ పరిశీలన, ఎంతమంది, ఆ తరవాత ఏం తేలింది అన్నది పూర్తిగా చెప్పండి. ఆదివారం తెలుగు బడిలో పాఠాలు చెప్పే తల్లిదండ్రులకూ ఇదే మాట. ఇక్కడ పుట్టిన పిల్లలు "మీకెట్లా తెలుసు?" అని అడుగుతున్నారు. అది పొగరు కాదు. వాళ్ల స్కూల్లో నేర్పిన మంచి అలవాటు. "తెలియదు, నమ్ముతున్నాం" అని నిజం చెబితే వాళ్లు గౌరవిస్తారు. చెల్లని ఋజువులు చూపిస్తే, పదిహేనో ఏట అవి చెల్లవని వాళ్లే కనిపెడతారు. ఆనాడు దేవుడి మీదే కాదు, మనం చెప్పిన ప్రతి మాట మీదా, మన భాష మీదా వాళ్లకు అనుమానం వస్తుంది.

పెద్దాయనకు చివరి మాట. సవాలు మీరు విసిరారు, మేము అందుకున్నాము. ఇప్పుడు మా ప్రశ్న ఒక్కటే: ఏ ఫలితం వస్తే మీ సాక్ష్యం ఓడిందని ఒప్పుకుంటారు? ముందుగా అది రాసివ్వండి. మా వంతుగా మేము ఇప్పుడే రాసిస్తున్నాము. 2006 నాటి పరిశీలన లాంటిదే, అంతకు తగ్గని సంఖ్యతో, ముందుగా చెప్పిన ఒకే కొలత మీద, వేర్వేరు చోట్ల రెండుసార్లు ప్రార్థన పక్షాన తేలితే, ప్రార్థనకు ఫలితం లేదన్న మా మాట వెనక్కి తీసుకుని ఈ పత్రికలోనే ప్రకటిస్తాము. మీ షరతు వచ్చే సంచికలో చూడాలని ఉంది.